ట్యాబ్లెట్‌లో స్టార్చ్: పేరు ఒక్కటే, పనులు వేరు

అడిగిన విషయం క్లుప్తంగా ఇది. 500 మి.గ్రా. పారాసిటమాల్ ట్యాబ్లెట్‌ను తడి గ్రాన్యులేషన్ పద్ధతిలో (పొడిని తడిపి, గ్రాన్యూల్స్ అనే చిన్న రేణువులుగా చేసి, ఆరబెట్టి నొక్కడం) చేస్తున్నారు. మొక్కజొన్న స్టార్చ్ గంజి బైండర్‌గా (పొడిని అతికించేది), అదే స్టార్చ్ పొడిగా డిసింటిగ్రెంట్‌గా (ట్యాబ్లెట్‌ను నీటిలో విడగొట్టేది) వాడుతున్నారు. ట్యాబ్లెట్ పైభాగం టోపీలా ఊడిపోతోంది, నీటిలో విడిపోవడానికి 15 నిమిషాలు దాటుతోంది. ప్రీజెలటినైజ్డ్ స్టార్చ్ (ముందే ఉడికించినది) వేయమని ఒకరు, సోడియం స్టార్చ్ గ్లైకొలేట్ వేయమని మరొకరు చెప్పారు. ఇప్పుడున్న స్టార్చ్ తీసేసి అంతే శాతంలో వీటిలో ఒకటి వేస్తే సరిపోతుందా?

సరిపోదు. ఈ విషయంలో ఎక్కువగా జరిగే పొరపాటే అది. మామూలు స్టార్చ్ 15 శాతం వేసిన చోట సోడియం స్టార్చ్ గ్లైకొలేట్ 15 శాతం వేస్తే ట్యాబ్లెట్ త్వరగా విడిపోదు సరికదా, చుట్టూ జిగురు పొర కట్టి నీటిని లోపలికి పోనివ్వదు. పూర్తిగా ఉడికించిన స్టార్చ్‌ను 15 శాతం వేసినా అదే గతి. మూడూ ఒకే మొక్క నుంచి రావచ్చు, మూడింటికీ అయోడిన్ నీలం రంగే రావచ్చు. ట్యాబ్లెట్‌లో చేసే పని మాత్రం వేరు. అందుకే ముందు స్టార్చ్ గింజ లోపల ఏముందో చూద్దాం. ఇక్కడ గింజ అంటే ధాన్యపు గింజ కాదు, స్టార్చ్ పొడిలోని సూక్ష్మ రేణువు.

స్టార్చ్ గింజలో రెండు రకాల గొలుసులు ఉంటాయి. తిన్నగా సాగేది అమైలోజ్, కొమ్మలు వేసేది అమైలోపెక్టిన్. మొక్కజొన్నలో అమైలోజ్ సుమారు 27 శాతం, బంగాళదుంపలో సుమారు 20 శాతం, కర్రపెండలంలో సుమారు 17 శాతం. మైనపు మొక్కజొన్న అనే రకంలో దాదాపు ఉండదు. గింజ సైజు కూడా మొక్కను బట్టి మారుతుంది. మొక్కజొన్న గింజలు సుమారు 2 నుంచి 32 మైక్రాన్లు, బంగాళదుంపవి 100 మైక్రాన్ల దాకా ఉంటాయి, బియ్యం గింజలు అన్నిటికంటే సన్నవి. ఈ గొలుసులు గింజలో ఒక క్రమంలో గట్టిగా పేర్చుకుని ఉంటాయి కాబట్టి చల్లటి నీటిలో అది కరగదు. 37 డిగ్రీల నీటిలో కూడా మొక్కజొన్న గింజ ఉబ్బేది 5 నుంచి 10 శాతమే.

ఇంత తక్కువ ఉబ్బే పదార్థం ట్యాబ్లెట్‌ను ఎలా విడగొడుతుంది? ప్రధానంగా నీటిని వత్తిలా పీల్చి. గింజలు ఒకదానికొకటి తగులుతూ ట్యాబ్లెట్ అంతటా దారులు కట్టాలి. ఆ దారుల వెంట నీరు పాకి గింజల మధ్య బంధాలను వదులు చేస్తుంది. దారి మధ్యలో తెగితే నీరు అక్కడే ఆగుతుంది. అందుకే మామూలు స్టార్చ్‌ను 10 నుంచి 15 శాతం వేయాల్సి వస్తుంది. 4 శాతం వేసి ఫలితం రాలేదనుకోవడంలో అర్థం లేదు, అక్కడ దారే ఏర్పడలేదు.

పైభాగం ఊడడానికి కారణం కూడా ఆ గింజ స్వభావమే. మామూలు స్టార్చ్ గింజను పంచ్ (మెషిన్‌లో నొక్కే కడ్డీ) నొక్కినప్పుడు నలుగుతుంది, ఒత్తిడి తీయగానే రబ్బరులా చాలా వరకు వెనక్కి వస్తుంది. పారాసిటమాల్ స్ఫటికం కూడా సరిగా కుదురుకోదు, అదీ వెనక్కి తన్నే రకమే. ఈ రెండూ కలిసిన ట్యాబ్లెట్ డై (అచ్చు) నుంచి బయటికి వస్తూ వ్యాకోచిస్తుంది, అప్పుడు పై అంచు దగ్గర పగులు పడుతుంది. హార్డ్‌నెస్ (ట్యాబ్లెట్ గట్టిదనం) పెంచుదామని ఒత్తిడి పెంచితే వెనక్కి తన్నే శక్తి కూడా పెరిగి క్యాపింగ్, అంటే ఈ పైభాగం ఊడడం, ఇంకా ముదురుతుంది. మెషిన్ వేగం తగ్గించడం, ప్రీకంప్రెషన్ (అసలు నొక్కుకు ముందు వేసే తేలికపాటి నొక్కు) పెంచడం కొంత సాయపడతాయి కానీ మూలం ఫార్ములాలోనే ఉంది.

ఇక గంజి సంగతి. మొక్కజొన్న స్టార్చ్ నీటిలో సుమారు 62 నుంచి 72 డిగ్రీల మధ్య ఉడుకుతుంది. గింజ లోపలి క్రమం చెడి, నీరు తాగి, ఉబ్బి, అమైలోజ్ బయటికి కారుతుంది. బైండర్‌గా పనిచేసేది ఆ జిగురే. 5 కిలోల పారాసిటమాల్‌కు 10 శాతం గంజి కావాలంటే 150 గ్రాముల స్టార్చ్‌ను ముందు 300 గ్రాముల చల్లటి నీటిలో కలపాలి. 1,050 గ్రాముల నీటిని విడిగా మరిగించి, ఆ చల్లటి స్టార్చ్ పాలను సన్నటి ధారగా అందులో పోస్తూ తిప్పాలి. పాల తెలుపు పోయి పారదర్శకంగా మారాక తీసి తూకం వేయాలి. ఆవిరైన నీటిని కలిపి మొత్తం 1,500 గ్రాములకు తేవాలి. ఈ తూకం మానేస్తే ఒక బ్యాచ్‌కు 10 శాతం గంజి, మరో బ్యాచ్‌కు 12 శాతం గంజి పడుతుంది. గ్రాన్యూల్ గట్టిదనం రోజుకో తీరుగా వస్తోందంటే ముందు చూడాల్సింది ఇక్కడే. పొడి స్టార్చ్‌ను నేరుగా వేడి నీటిలో పోస్తే ఉండ పైభాగం తక్షణం ఉడికి, లోపల పొడి అలాగే ఉండిపోతుంది. ఆ ఉండలను తర్వాత ఎంత తిప్పినా విరగవు.

గంజిని 50, 60 డిగ్రీలకు చల్లార్చి పోయండి. మరుగుతున్న గంజి పోస్తే మిశ్రమంలో డిసింటిగ్రెంట్‌గా వేసిన పొడి స్టార్చ్ కూడా తగిలిన చోటల్లా ఉడికిపోతుంది. విడగొట్టాల్సినది అతికించడం మొదలుపెడుతుంది. మీ విడిపోయే సమయం పెరగడానికి ఇదొక బలమైన కారణం కావచ్చు. పూర్తిగా చల్లారిన గంజి అయితే చిక్కబడి సమంగా పరుచుకోదు. నిన్నటి గంజిని ఇవాళ వాడకూడదు. అందులో గొలుసులు తిరిగి పేర్చుకుని జిగురు తగ్గుతుంది, పైగా సూక్ష్మజీవులకు అంతకంటే మంచి ఆహారం లేదు. ఆరబెట్టేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త కావాలి. ముద్ద తడిగా ఉండగానే ట్రే డ్రయర్‌ను 70 డిగ్రీలకు పెడితే లోపలి స్టార్చ్ ఉడుకుతుంది, గ్రాన్యూల్ రాయిలా అవుతుంది. మొదటి దశలో 50, 55 డిగ్రీలు దాటనివ్వకండి.

తేమ లెక్కలో చాలామంది తడబడతారు. మొక్కజొన్న స్టార్చ్‌లో సహజంగా 10 నుంచి 14 శాతం నీరు ఉంటుంది, బంగాళదుంప స్టార్చ్‌లో ఇంకా ఎక్కువ. ట్యాబ్లెట్‌లో 15 శాతం స్టార్చ్ ఉండి, దానిలో 12 శాతం తేమ ఉంటే ఆ ఒక్క పదార్థమే మొత్తానికి 1.8 శాతం తేమ ఇస్తుంది. అలాంటి గ్రాన్యూల్‌ను 105 డిగ్రీల పరీక్షలో 1 శాతానికి తెచ్చామంటే స్టార్చ్ లోపలి నీటిని లాగేశామని అర్థం. ఆ నీరే గింజకు కొంత మెత్తదనం ఇస్తుంది. అది పోతే గింజ ఇంకా బిరుసెక్కి క్యాపింగ్ పెరుగుతుంది. 15 శాతం స్టార్చ్ ఉన్న పారాసిటమాల్ గ్రాన్యూల్‌కు 2 శాతం దరిదాపుల లక్ష్యంతో మొదలుపెట్టి, 1.5, 2, 2.5 శాతాల దగ్గర విడివిడిగా కంప్రెస్ చేసి చూడండి. ఎక్కువ ఆరితే పైభాగం ఊడుతుంది, తక్కువ ఆరితే పంచ్‌కు అంటుకుంటుంది. ఈ రెంటి మధ్య ఉన్న సందు మీ ఫార్ములాకు ఎంత వెడల్పో అప్పుడే తెలుస్తుంది.

ఇప్పుడు మీకు చెప్పిన రెండు పదార్థాలు చూద్దాం. మొదటిది ప్రీజెలటినైజ్డ్ స్టార్చ్, అంటే ముందే ఉడికించి ఆరబెట్టిన స్టార్చ్. కొనేముందు దీని గురించి తప్పక అడగాల్సింది ఒకటుంది: పూర్తిగా ఉడికించినదా, పాక్షికంగానా? పూర్తిగా ఉడికించిన దానిలో గింజ మిగలదు, చల్లటి నీటిలోనే జిగురవుతుంది. మంచి బైండర్, కానీ డిసింటిగ్రెంట్‌గా దాని మీద ఆశ పెట్టుకోకూడదు. పాక్షికంగా ఉడికించిన దానిలో కొంత భాగం విడిపోయి జిగురుగా మారుతుంది, మిగతా గింజలు చెదరకుండా ఉంటాయి. స్టార్చ్ 1500 పేరుతో దొరికేది ఈ కోవదే. ఉడికిన భాగం అతికిస్తుంది, ఉడకని గింజలు నీటిని లాగి విడగొడతాయి. ఒకే పదార్థం రెండు పనులూ చేయడం వెనుక రహస్యం అంతే. డైరెక్ట్ కంప్రెషన్‌లో (గ్రాన్యూల్స్ చేయకుండా పొడిని నేరుగా నొక్కే పద్ధతి) బైండర్‌గా 5 నుంచి 20 శాతం, తడి గ్రాన్యులేషన్‌లో 5 నుంచి 10 శాతం, డిసింటిగ్రెంట్‌గా 5 నుంచి 10 శాతం వాడుక. తడి పద్ధతిలో దీన్ని పొడిగానే మిశ్రమంలో కలిపి ఉత్త నీరు పోస్తే చాలు, గంజి కాచే పని తప్పుతుంది. ప్రవాహం, కుదురుకునే గుణం మామూలు స్టార్చ్ కంటే చాలా మెరుగు.

దీని బలహీనత మెగ్నీషియం స్టియరేట్, అంటే పొడి మెషిన్‌కు అంటుకోకుండా వేసే లూబ్రికెంట్. ఈ స్టార్చ్ ఒత్తిడికి పగలదు, సాగి అణుగుతుంది. డైకాల్షియం ఫాస్ఫేట్ లాంటి పెళుసు పదార్థం పగిలి కొత్త ముఖాలు బయటపెడుతుంది కాబట్టి స్టియరేట్ పొర ఉన్నా ఆ కొత్త ముఖాలు అతుక్కుంటాయి. సాగే పదార్థానికి కొత్త ముఖాలు పెద్దగా పుట్టవు, పైన పరుచుకున్న కొవ్వు పొర అలాగే మిగిలి బంధాన్ని అడ్డుకుంటుంది. మెగ్నీషియం స్టియరేట్ 0.5 శాతం దాటితే గట్టిదనమూ పడిపోతుంది, మందు కరగడమూ మందగిస్తుంది. 0.25 శాతం దగ్గర మొదలుపెట్టి, కలిపే సమయం 2, 3 నిమిషాలకు మించకుండా చూడండి. స్టియరిక్ ఆమ్లం వాడితే ఈ బాధ చాలా వరకు తగ్గుతుంది, నేను దానికే మొగ్గు చూపుతాను. మిక్సర్‌లో 10 నిమిషాలు వదిలేసి, ఆ తర్వాత హార్డ్‌నెస్ రావడం లేదని స్టార్చ్‌ను నిందించడం న్యాయం కాదు.

రెండోది సోడియం స్టార్చ్ గ్లైకొలేట్. ప్రైమోజెల్, ఎక్స్‌ప్లోటాబ్, గ్లైకోలిస్ అనే అమ్మకపు పేర్లన్నీ దీనివే. ఎక్కువగా బంగాళదుంప స్టార్చ్‌తో చేస్తారు. దీనిలో రెండు మార్పులు కలిసి ఉంటాయి. క్షార మాధ్యమంలో మోనోక్లోరోఎసిటిక్ ఆమ్లంతో చర్య జరిపి, సగటున నాలుగు గ్లూకోజ్ యూనిట్లకు ఒకటి చొప్పున కార్బాక్సీమిథైల్ గుంపులను తగిలిస్తారు. అవి నీటిని బలంగా లాగుతాయి. అంతటితో వదిలేస్తే గింజ ఉబ్బి ఉబ్బి జిగురుగా కరిగిపోతుంది. అందుకని సోడియం ట్రైమెటాఫాస్ఫేట్ లేదా ఫాస్ఫరస్ ఆక్సీక్లోరైడ్ లాంటి వాటితో గొలుసుల మధ్య అడ్డ కట్లు వేస్తారు. నీటిని లాగడం మొదటి మార్పు వల్ల, ఉబ్బినా చెదరకుండా నిలబడడం రెండో మార్పు వల్ల. అడ్డ కట్లు తక్కువైతే జిగురు, మరీ ఎక్కువైతే ఉబ్బు తగ్గుతుంది. తయారీదారు మారినప్పుడు అదే పేరుతో ఉన్న సరుకు వేరుగా ప్రవర్తించడానికి ఈ తూకమే కారణం.

వాడే మోతాదు 2 నుంచి 8 శాతం. 4 శాతం దగ్గర మంచి ఫలితం వస్తుంది, చాలాచోట్ల 2 శాతమే సరిపోతుంది. ఇది ఉబ్బడం వల్ల పనిచేస్తుంది కాబట్టి స్టియరేట్ లాంటి నీటిని దరిచేరనివ్వని పదార్థాల వల్ల మామూలు స్టార్చ్ దెబ్బతిన్నంతగా ఇది దెబ్బతినదు, ఒత్తిడి పెంచినా విడిపోయే సమయం పెద్దగా మారదు. 8 శాతం దాటితే ముందు చెప్పిన జిగురు పొర మొదలవుతుంది. ఆమ్లంలో కార్బాక్సిల్ గుంపుల ఆవేశం పోయి ఉబ్బు తగ్గుతుంది. అందువల్ల నీటిలో 2 నిమిషాల్లో విడిపోయిన ట్యాబ్లెట్ 0.1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఎక్కువ సమయం తీసుకోవచ్చు. పరీక్ష రెంటిలోనూ చేయాలి.

రకాన్ని కూడా చూసి ఎంచుకోండి. ఫార్మకోపియాలో (మందుల ప్రమాణాల గ్రంథం) ‘ఏ’, ‘బీ’ రకాలు ఉన్నాయి. ‘ఏ’ రకం పీహెచ్ 5.5 నుంచి 7.5, ‘బీ’ రకం 3 నుంచి 5. క్షారానికి చెడిపోయే ఎస్టర్, లాక్టోన్ మందులకు బీ రకం నయం. బలహీన క్షార మందు హైడ్రోక్లోరైడ్ లవణంగా ఉన్నప్పుడు ‘ఏ’ రకం దగ్గర జాగ్రత్త కావాలి. తేమ సమక్షంలో అది లవణాన్ని స్వేచ్ఛా క్షారంగా మార్చి, కరిగే తీరును చెడగొట్టగలదు. విటమిన్ సీతో కూడా గ్లైకొలేట్‌కు పొంతన కుదరదు. పారాసిటమాల్‌కు ఈ ఇబ్బందులేవీ లేవు, ‘ఏ’ రకం చాలు.

కాబట్టి మీరు ఒకదాని బదులు ఇంకొకటి వేయడం కాదు, పనులు పంచాలి. అతికించే పని పాక్షికంగా ఉడికించిన స్టార్చ్‌కు, కొద్దిగా పావిడోన్‌కు (నీటిలో కరిగే మరో బైండర్). విడగొట్టే పని కొద్దిపాటి గ్లైకొలేట్‌కు. ప్రయోగం మొదలుపెట్టడానికి ఒక ట్యాబ్లెట్‌కు ఇలా:

పారాసిటమాల్ 500 మి.గ్రా.
పాక్షికంగా ఉడికించిన స్టార్చ్ 50 మి.గ్రా.
పావిడోన్ కె 30, 11 మి.గ్రా.
సోడియం స్టార్చ్ గ్లైకొలేట్ 12 మి.గ్రా., సగం గ్రాన్యూల్ లోపల, సగం బయట
స్టియరిక్ ఆమ్లం 6 మి.గ్రా.
కొల్లాయిడల్ సిలికా 1 మి.గ్రా.
మొత్తం 580 మి.గ్రా.

10,000 ట్యాబ్లెట్లకు 5.8 కిలోలు. పారాసిటమాల్, స్టార్చ్, 60 గ్రాముల గ్లైకొలేట్‌ను 5 నిమిషాలు పొడిగా కలపండి. 110 గ్రాముల పావిడోన్‌ను 600 గ్రాముల నీటిలో కరిగించి 2, 3 నిమిషాల్లో పోయండి. ఇంకా నీరు కావాలంటే 50 గ్రాముల చొప్పునే చేర్చండి, ఒక్కసారిగా పోయకండి. పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, వేలితో విరిస్తే చక్కగా విరగాలి, చేతికి జిగురు అంటకూడదు. అంతకు మించి తిప్పితే గ్లైకొలేట్ గ్రాన్యులేటర్‌లోనే ఉబ్బి అలసిపోతుంది, ట్యాబ్లెట్‌లో చేయాల్సిన పనిలో కొంత అక్కడే ఖర్చవుతుంది. ఆరబెట్టి, 20 మెష్ జల్లెడలో పట్టి, బయటి 60 గ్రాముల గ్లైకొలేట్, సిలికా చేర్చి 5 నిమిషాలు కలిపి, చివరగా జల్లించిన స్టియరిక్ ఆమ్లాన్ని 3 నిమిషాలు కలపండి. ఈ ఫార్ములాలో స్టార్చ్ 9 శాతం లోపే కాబట్టి ఎండబెట్టే లక్ష్యాన్ని కూడా కొత్తగా లెక్కగట్టుకోవాలి, పాత 2 శాతం ఇక్కడ వర్తించదు.

సగం లోపల, సగం బయట ఎందుకంటే బయటిది ట్యాబ్లెట్‌ను గ్రాన్యూల్స్‌గా విడగొడుతుంది, లోపలిది గ్రాన్యూల్‌ను పొడిగా విడగొడుతుంది. అంతా బయటే వేస్తే విడిపోయే పరీక్ష 1 నిమిషంలో పాసవుతుంది. అడుగున గట్టి గ్రాన్యూల్స్ ఇసుకలా మిగిలి, మందు కరిగే పరీక్షలో వెనకపడుతుంది. ఈ రెండు పరీక్షలూ ఒకటి కావు. కోటింగ్ లేని ట్యాబ్లెట్‌కు విడిపోయే గడువు 15 నిమిషాలే అయినా, విడిపోయే పరీక్ష బుట్టలోంచి జారిన ప్రతి ముక్కా కరిగిందని అనుకోకూడదు. ఫ్రయబిలిటీని (డ్రమ్ములో తిప్పినప్పుడు రాలి తగ్గే బరువు) 100 చుట్లకు 1 శాతం లోపు ఉంచండి. చుట్ల తర్వాత ఒక్క ట్యాబ్లెట్ పైభాగం ఊడినా, బరువు తగ్గింది 0.3 శాతమే అయినా, ఆ బ్యాచ్ ఫెయిలే.

ఇంత చేశాకా పైభాగం ఊడుతుంటే సన్నటి పొడి ఎంతుందో చూడండి. జల్లెడ కింద నుసి ఎక్కువుంటే అందులో చిక్కిన గాలి క్యాపింగ్ చేస్తుంది, దానికి మందు ముద్దలో నీరు పెంచడమే మార్గం. నుసి తక్కువగా ఉండీ ఊడుతుంటే తేమ, వేగం చూడండి. ట్యాబ్లెట్ గట్టిగా ఉండి విడిపోవడం మందగిస్తే గ్రాన్యూల్‌ను విడిగా నీటిలో వేయండి. గ్రాన్యూలే విడిపోకపోతే తప్పు తడి కలపడంలో ఉంది, గ్రాన్యూల్ విడిపోయి ట్యాబ్లెట్ మాత్రం విడిపోకపోతే బయటి డిసింటిగ్రెంట్‌లో గానీ లూబ్రికెంట్‌లో గానీ ఉంది. మొదటి రోజు బాగుండి, 40 డిగ్రీలు, 75 శాతం తేమలో నెల తర్వాత విడిపోయే సమయం పెరిగితే గ్లైకొలేట్ గాలిలో తేమ తాగి ముందే కొంత ఉబ్బిందని అర్థం. అప్పుడు శాతం పెంచకండి, ప్యాకింగ్ మార్చండి. తెరిచిన సంచిని కూడా గట్టిగా మూసి ఉంచాలి.

సరుకు వచ్చినప్పుడు సర్టిఫికెట్ ఒక్కదాన్నే నమ్మకుండా రెండు చిన్న పరీక్షలు చేయండి. 5 గ్రాములను 100 మి.లీ. చల్లటి నీటిలో వేసి తిప్పి వదలండి. మామూలు స్టార్చ్ తెల్లగా అడుగుకు చేరి పైన నీరు తేటపడుతుంది. పాక్షికంగా ఉడికినది కొంత అడుగుకు చేరినా పైనీరు మసకగా, కాస్త చిక్కగా ఉంటుంది. పూర్తిగా ఉడికినది నీరంతా చిక్కబరుస్తుంది. గ్లైకొలేట్‌కు 4 గ్రాములను 20 మి.లీ. నీటిలో కలిపితే జెల్ అవుతుంది, ఇంకో 100 మి.లీ. పోసి కలిపితే చెదిరి, కాసేపటికి అడుగుకు దిగుతుంది. దిగకుండా మొత్తం జిగురుగానే ఉంటే అడ్డ కట్లు సరిగా లేవని అనుమానించాలి. రెండోది పోలరైజ్డ్ కాంతి మైక్రోస్కోప్. ఉడకని గింజ మీద నల్లటి శిలువ ఆకారం కనిపిస్తుంది, ఉడికిన దానిలో అది మాయమవుతుంది. ఉడకని స్టార్చ్ అయితే మొక్కజొన్న గింజలు కోణాలుగా, మధ్యలో బిందువుతో ఉంటాయి. బంగాళదుంపవి పెద్దగా, కోడిగుడ్డు ఆకారంలో, బిందువు ఒక పక్కకు జరిగి ఉంటాయి. మూలం ఏదో తెలియడం కూడా ముఖ్యమే. గోధుమ స్టార్చ్‌లో గ్లూటెన్ జాడలు ఉండే వీలుంది, సీలియాక్ రోగులకు అది ప్రమాదం. లేబుల్ మీద ఉత్తినే మార్చిన స్టార్చ్ అని రాసి ఉంటే ఏ మొక్కో, ఏ మార్పో రాతపూర్వకంగా అడగండి.

మార్చిన స్టార్చ్‌లు ఇంకా ఉన్నాయి కానీ మీ సమస్యకు అక్కర్లేదు. హైడ్రాక్సీప్రొపైల్ బఠానీ స్టార్చ్‌ను ఫిల్మ్ కోటింగ్‌కు వాడతారు. అమైలోజ్ ఎక్కువున్న స్టార్చ్‌కు అడ్డ కట్లు వేసి చేసిన కాంట్రామిడ్ అయితే విడగొట్టడానికి కాదు, మందును గంటల తరబడి మెల్లగా వదలడానికి వాడేది. ట్రామడాల్ అనే నొప్పి మందు రోజుకొక్క మాత్రలో అదే వాడారు. అడ్డ కట్లు ఉన్న స్టార్చ్ అన్నంతమాత్రాన అది డిసింటిగ్రెంట్ అనుకుని పొరపాటున ఇలాంటిది తెప్పించుకోకండి.

ముందు మూడు చిన్న బ్యాచ్‌లు చేయండి: ఇప్పటి ఫార్ములానే గంజి 55 డిగ్రీలకు చల్లార్చి, తేమ 2 శాతం దగ్గర ఆపి ఒకటి, పైన ఇచ్చిన ఫార్ములాతో ఒకటి, అదే ఫార్ములాలో గ్లైకొలేట్‌ను 24 మి.గ్రా. చేసి ఒకటి. మూడింటినీ ఒకే హార్డ్‌నెస్‌లో పోల్చండి, వేర్వేరు హార్డ్‌నెస్‌లలో తీసిన విడిపోయే సమయాలకు పోలిక ఉండదు. మొదటి బ్యాచే కుదిరిపోతే పదార్థం మార్చే అవసరమే ఉండదు.